బకింగ్‌హాం కాలువ గట్టు మీద జియోకాషింగ్: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి అక్కర్లేదు

కావలి నుంచి ఒంగోలు దాకా సముద్రానికి కాస్త ఇవతలగా సాగే బకింగ్‌హాం కాలువ గట్టు మీద జియోకాషింగ్ (ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ చూసి వెతికే ఆట) మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఏ జీపీఎస్ కొనాలి, డబ్బు కట్టి ప్రీమియం ఖాతా తీసుకోవాలా అని. రెండూ అక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోను, ఉచిత ఖాతా, ఉచిత యాప్ చాలు. ఈ తీరంలో ఆట నిలిచినా చెడినా రెండిటి వల్లే: ఒకటి డబ్బా మూతలో ఉండే రబ్బరు రింగు, రెండోది గట్టు పక్క ఊరివాళ్ళ ఒప్పుదల. అందుకే ఈ రివ్యూలో యాప్‌ల కంటే వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ఆట తెలియనివాళ్ళకి నాలుగు మాటలు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తేడాను ఆపేసింది. మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్‌లో కొన్ని వస్తువులు వేసి చెట్ల మధ్య దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు (కోఆర్డినేట్లు) ఇంటర్నెట్‌లో పెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో జియోకాషింగ్ డాట్ కామ్ మొదలైంది. ఒకరు పెట్టె దాచి కోఆర్డినేట్లు ఇస్తారు. ఇంకొకరు వెతికి, లోపలి లాగ్ బుక్‌లో పేరూ తేదీ రాసి, పెట్టెను ఉన్నచోటే ఉన్నట్టు పెట్టి, ఇంటికొచ్చి వెబ్‌సైటులో నమోదు చేస్తారు. లోపల చిన్న వస్తువులుంటే ఒకటి తీసుకోవచ్చు, అంతే విలువైనది ఇంకొకటి వేయాలి.

ఇక దారి. 1806లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వించాడు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది, తర్వాత ఉత్తరాన పెదగంజాం వరకూ, దక్షిణాన మరక్కాణం వరకూ పెంచింది. 1876-78 కరువులో జనానికి కూలి చూపించడానికి మద్రాసు ఊళ్ళోని ముక్కను తవ్వి రెండు వైపులనీ కలిపారు. 1878లో అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఉప్పు, కట్టెలు, బొగ్గు, బియ్యం పడవల్లో మద్రాసుకి పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగడం. అంటే ఈ గట్టు మొదటినుంచీ నడక దారే. 1965-66లో, 1976లో వచ్చిన తుఫానులు కాలువను బాగా దెబ్బతీశాయి. ఆ తర్వాత పడవల రవాణా కోలుకోలేదు, లాకులు తుప్పుపట్టాయి. 2008లో జాతీయ జలమార్గం 4లో చేర్చారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ నీటిని చాలాచోట్ల ఈ కాలువే మింగి, ఊళ్ళ మీదికి పోకుండా కొంత ఆపింది.

నడకకి ఎక్కడ దిగాలన్నది సులువు. కావలి నుంచి తుమ్మలపెంట, సింగరాయకొండ నుంచి పాకల, ఒంగోలు నుంచి కొత్తపట్నం. ఈ బీచ్‌లకి పోయే రోడ్లన్నీ కాలువ దాటే పోతాయి. వంతెన దగ్గర ఆటో దిగి, గట్టెక్కి, రెండు మూడు కిలోమీటర్లు పోయి అదే దారిన వెనక్కి రావడమే మంచి పద్ధతి. ఒక వంతెన నుంచి ఇంకో వంతెనకి ఒకే విడతలో పోదామని బయల్దేరితే మధ్యలో ఇరుక్కుంటారు. మన్నేరు, పాలేరు, ముసి లాంటి ఏర్లు కాలువను కోసుకుంటూ సముద్రంలోకి పోయేచోట గట్టు తెగి ఉంటుంది. కొన్నిచోట్ల రొయ్యల గుంటలవాళ్ళు గట్టును తమ కట్టలో కలిపేసుకున్నారు. బయల్దేరే ముందు రోజు ఉపగ్రహ చిత్రంలో గట్టు వెంట వేలుతో జరుపుకుంటూ చూసుకోండి. ఎక్కడైనా గీత మాయమై నీళ్ళు రెండు వైపులా కలిసిపోతే అక్కడికి ఆపేయాలి.

చారిత్రక చోటు కావాలంటే ఉదయగిరి ఉండగా కాలువ ఎందుకు అని అడిగేవాళ్ళుంటారు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం, అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించిన కథ, కొండెక్కితే కోటలూ మసీదులూ గుళ్ళూ. నిజమే, నడవడానికి అంతకన్నా మంచి దారి ఈ రెండు జిల్లాల్లో అరుదు. కానీ పెట్టె పెట్టడానికి మాత్రం వద్దు. మన పక్క పాడుబడిన గుడి దగ్గరా కోట గోడల దగ్గరా ఎవరైనా ఫోను పట్టుకుని రాళ్ళ సందుల్లో చెయ్యిపెడితే జనానికి తట్టేది ఒకటే మాట, గుప్తనిధులు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. నిధుల కోసం గుళ్ళు తవ్వి విగ్రహాలు పగలగొట్టినవాళ్ళ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కేంద్ర పురావస్తు శాఖ బోర్డు ఉన్నచోట కట్టడానికి నష్టం జరిగితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పెట్టె పెట్టినవాళ్ళు జాగ్రత్తగా ఉండొచ్చు. వెతికేవాళ్ళలో ఒక్కడు తొందరపడి రాయి కదిలిస్తే చాలు. ఉదయగిరి మీద ఆడాలంటే పెట్టె లేని పద్ధతులున్నాయి, వాటి సంగతి కింద వస్తుంది.

వెబ్‌సైటు, అధికారిక యాప్ గురించి. ఖాతా ఉచితం. యాప్ శుభ్రంగా ఉంటుంది, వేగంగా తెరుచుకుంటుంది, కొత్తవాళ్ళకి దారి చూపించడంలో దానికి సాటి లేదు. ఇబ్బంది ఏమిటంటే ఉచిత ఖాతాతో యాప్‌లో సులువైన ట్రెడిషనల్ పెట్టెలే, అంటే ఇచ్చిన చోటే నేరుగా డబ్బా ఉండేవే, తెరుచుకుంటాయి. మిగతావి మ్యాపు మీద కనిపించినా లోపలికి పోనివ్వదు. జాబితాను ఫోనులో దించుకుని నెట్ లేకుండా వాడటమూ ప్రీమియం వాళ్ళకే. ఒకేసారి 1000 పెట్టెల వివరాలు ఫైలుగా దించుకునే పాకెట్ క్వెరీ కూడా అంతే. చెన్నై, బెంగళూరుతో పోలిస్తే మన జిల్లాల్లో పెట్టెలు పలుచన. వేలల్లో దించుకోవలసిన అవసరం మనకి రాదు. విదేశాల్లో పిల్లల దగ్గరికి పోయి అక్కడ ఆడేవాళ్ళకి ప్రీమియం పనికొస్తుంది గాని, ఒంగోలు నెల్లూరు మధ్య ఆడేవాళ్ళకి దండగ.

ఆండ్రాయిడ్ ఉన్నవాళ్ళకి సీ-జియో మేలు. ఉచితం, ప్రకటనలు లేవు, సోర్సు కోడు అందరికీ తెరిచి ఉంటుంది. మీ జియోకాషింగ్ ఖాతాతోనే లాగిన్ కావాలి. పెట్టె పేజీ తెరిచి స్టోర్ నొక్కితే వివరణ, సూచన, పాత లాగ్‌లు అన్నీ ఫోనులోకి వస్తాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా చేసిన ఆఫ్‌లైన్ మ్యాపు కూడా ముందే దించుకోవచ్చు. గట్టు మీద ఊళ్ళకి దూరం జరిగేకొద్దీ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి ఈ పని ఇంట్లో వైఫై మీద చేసుకుని బయల్దేరాలి. దీనికున్న లోపం, ఇది ఆ కంపెనీది కాదు, వెబ్‌సైటు పేజీలను చదివి పనిచేస్తుంది. అక్కడ వాళ్ళు ఏదైనా మార్చినప్పుడు లాగిన్ ఆగిపోతుంది, కొత్త వెర్షన్ వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఐఫోను వాళ్ళకి సీ-జియో లేదు. రెండు యాప్‌లూ తెలుగులో లేవు గాని మీ పెట్టె వివరణ తెలుగులో రాసుకోవచ్చు. కింద ఇంగ్లిషు కూడా ఉంచండి, లేకపోతే పెట్టెను పరిశీలించే రివ్యూయర్ ప్రశ్నలు పంపుతూ ఉంటారు, పని ఆలస్యమవుతుంది.

చేతి జీపీఎస్‌లలో గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటివి మంచి పరికరాలే. రెండు డబుల్-ఏ సెల్స్‌తో 25 గంటలు, ఎండలోనూ కనిపించే తెర, నీళ్ళలో పడినా చెడని ఒళ్ళు. అడవిలో రెండు రోజులు తిరిగేవాళ్ళకి తప్పదు. ఈ గట్టు మీద మాత్రం ఆకాశం అంచు నుంచి అంచుకి తెరిచి ఉంటుంది. తెరపి ఉన్నచోట మామూలు ఫోను కూడా సుమారు 5 మీటర్ల తేడాలో చోటు చూపిస్తుంది, వెతకడానికి అది చాలు. తేడా పెరిగేది దట్టమైన సరుగుడు తోటల పక్కనా, కాంక్రీటు వంతెన కిందా. ఇంకో హెచ్చరిక: ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే రకాలను, అంటే పేరులో ఇన్‌రీచ్ అని గాని, 67ఐ లాగా చివర ఐ అక్షరం గాని ఉండే గార్మిన్‌లను, బయట దేశాల నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకోకండి. మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర ఉంచుకోవడమే నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళున్నారు. తీరంలో మెరైన్ పోలీసుల కన్ను ఇంకా నిశితంగా ఉంటుంది.

ఫోనుతో ఆడేటప్పుడు చెడేవి నాలుగైదు. వంతెన దగ్గర సిగ్నల్ ఉండగానే యాప్ తెరిచి చోటు పట్టనివ్వండి. నెట్ లేకుండా మొదటిసారి పట్టాలంటే ఆలస్యమవుతుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తెర ఆరగానే జీపీఎస్ నిద్రపోతుంది, మళ్ళీ తెరిస్తే పాత చోటే చూపిస్తుంది, మీరు వంద మీటర్లు దాటిపోయి ఉంటారు. అయస్కాంతం ఉన్న కవరు తీసేయండి. పాత లాకు దగ్గర ఇనుప తలుపులు, గొలుసులు ఫోను దిక్సూచిని లాగేస్తాయి, బాణం అడ్డదిడ్డంగా తిరుగుతుంది. అప్పుడు బాణాన్ని వదిలేసి దూరం అంకెను మాత్రం చూడండి, ఇనుముకి ఆ అంకె చెడదు. 12, 9, 6 అని తగ్గుతున్న వైపు నడిచి, 4కి వచ్చాక ఫోను జేబులో పెట్టేసి కళ్ళతో వెతకాలి. అక్కడినుంచి ఫోను చూస్తూ తిరిగితే గుండ్రంగా తిరగడమే.

పెట్టె పెట్టేవాళ్ళు ఎక్కువగా తప్పేది కోఆర్డినేట్ల రాతలో. గూగుల్ మ్యాప్స్ డిగ్రీలను దశాంశంలో ఇస్తుంది, జియోకాషింగ్ పేజీ డిగ్రీలు, దశాంశ నిమిషాలు అడుగుతుంది. ఉదాహరణకి 15.25620 డిగ్రీలు వచ్చిందనుకోండి. దశాంశం తర్వాతి భాగాన్ని 60తో గుణించాలి: 0.25620 ఇంటూ 60 అంటే 15.372. కాబట్టి 15 డిగ్రీల 15.372 నిమిషాలు. గుణించకుండా 15 డిగ్రీల 25.620 నిమిషాలని రాసేస్తే పెట్టె దాదాపు 19 కిలోమీటర్లు ఉత్తరానికి పోతుంది. నిమిషాల్లో చివరి అంకె ఒకటి మారితే మన దగ్గర ఉత్తర-దక్షిణాల్లో 1.84 మీటర్లు, తూర్పు-పడమరల్లో 1.79 మీటర్లు తేడా. అందుకే చివరి అంకెను కూడా పట్టించుకోవాలి. ఒక్కసారి చూసి రాసేయకుండా, పెట్టె చోట ఫోను ఐదు నిమిషాలు ఉంచి అంకె చూడండి. ముప్పై మీటర్లు అవతలికి పోయి ఇంకో వైపు నుంచి వచ్చి మళ్ళీ చూడండి. అలా వచ్చినవాటి సగటు రాయండి. ఈట్రెక్స్‌లో సగటు తీసే సదుపాయం ఉంది, కనీసం 90 నిమిషాల ఎడంతో నాలుగు నుంచి ఎనిమిది సార్లు తీయమని గార్మిన్ చెబుతుంది. ఆ పరికరం ఎవరి దగ్గరైనా అరువుకి దొరికితే ఈ ఒక్క పనికి తెచ్చుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బా.

ఈ గాలిలో ఉప్పుంది, రాత్రి మంచు దిగుతుంది, పగలు ఎండకి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. బయటి దేశాల ఆటగాళ్ళు మెచ్చుకునే మిలిటరీ ఇనుప పెట్టె ఇక్కడ రెండు రకాలుగా చెడ్డది. ఉప్పుగాలికి కీలు దగ్గర తుప్పుపడుతుంది, పైగా చూసినవాళ్ళు బాంబనుకుంటారు. స్టీలు టిఫిన్ డబ్బాకి మూత బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది గాని రబ్బరు ఉండదు, తేమ దర్జాగా లోపలికి పోతుంది. అదీగాక పాతసామాన్ల కొట్టులో దానికి ధర పలుకుతుంది, కాబట్టి ఉండదు. మందుల సీసాల మూత తిప్పితే బిగుస్తుంది గాని లోపల సీలు లేదు. పచ్చడి డబ్బాలు ఎంత కడిగినా నూనె వాసన పోదు. ఎలుకలు, పందికొక్కులు మూత అంచు కొరికేస్తాయి, చీమలు ముందే చేరతాయి.

పనికొచ్చేవి రెండే. చిన్నదానికి పెట్ ప్రీఫార్మ్, అంటే నీళ్ళ బాటిల్ ఊదకముందు ఉండే మందపాటి గొట్టం. బాటిళ్ళు తయారుచేసే యూనిట్‌లో అడిగితే చిల్లర డబ్బులకి ఇస్తారు. గోడ మందం ఎక్కువ కాబట్టి ఎండకి తట్టుకుంటుంది, మూత గట్టిగా బిగించాక నీళ్ళలో ముంచినా లోపల పొడిగానే ఉంటుంది. 100 మిల్లీలీటర్ల లోపు కాబట్టి మైక్రో సైజు కింద వస్తుంది, అందులో చుట్టిన లాగ్ కాగితం తప్ప ఇంకేమీ పట్టదు. పెద్దదానికి నాలుగు వైపులా క్లిప్పులుండి, మూతలో విడిగా తీయగలిగే సిలికాన్ రింగు ఉన్న పారదర్శకమైన డబ్బా, 500 నుంచి 800 మిల్లీలీటర్లది. కొనేముందు షాపులోనే మూత తిప్పి గోరుతో రింగు లాగి చూడండి. అతికించి ఉంటే వద్దు. గట్టు ఇసుక ఒక్క రేణువు ఆ గాడిలో పడినా నీళ్ళు దిగుతాయి. రింగు తీసి, గాడి తుడిచి, మళ్ళీ పెట్టగలిగితేనే డబ్బా బతుకుతుంది. క్లిప్పులు ఎండకి మొదట పోతాయి, కాబట్టి ఎండ పడని చోట దాచడం డబ్బా నాణ్యత ఎంతో అంత ముఖ్యం. ఇంట్లో పరీక్ష ఇలా: లోపల టిష్యూ కాగితం వేసి, మూసి, బకెట్ నీళ్ళలో రాయి కింద ఒక రాత్రి ఉంచండి. తెల్లారి కాగితం మూల తడిసినా ఆ డబ్బా వంటింటికే.

పారదర్శకంగా ఉండాలన్నది ఊరికే చెప్పలేదు. నల్ల టేపు చుట్టిన డబ్బాను గొర్రెల కాపరి చూసినా, పోలీసు చూసినా దూరం జరిగి ఫోను చేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు. లోపల కాగితం, పెన్సిలు బయటికే కనిపిస్తుంటే ఆ భయం ఉండదు. మూత లోపల తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ: ‘ఇది ఫోనులో చూసి వెతికే ఆట డబ్బా. ప్రమాదం ఏమీ లేదు. చూశాక ఉన్నచోటే పెట్టండి.’ కింద మీ నంబరు. సెల్స్, వైర్లు, లైటర్, గడియారం లాంటివి ఎట్టి పరిస్థితిలో వేయకూడదు. తినేవి, మందులు, మద్యం, కత్తులు ఆట నియమాల ప్రకారమే నిషిద్ధం.

లాగ్ బుక్‌కి పెన్సిలే. జెల్ పెన్ను రాత తేమకి పాకుతుంది, బాల్ పెన్ను చెమ్మగిల్లిన కాగితం మీద పట్టదు. కాగితాన్ని చిన్న జిప్ కవరులో వేసి గాలి నొక్కి తీసేయండి. సిలికా జెల్ పొట్లాలు వేస్తే మంచిదని చాలామంది చెబుతారు. ఇక్కడ అవి కొన్ని వారాల్లో నిండిపోతాయి, తర్వాత అదే చెమ్మను లోపల పట్టుకుని కూర్చుంటాయి. మార్చడానికి తరచూ పోలేకపోతే వేయకపోవడం మేలు. పెట్టెలో వేసే వస్తువులకి గవ్వలు, ప్లాస్టిక్ బొమ్మల కంటే ఉదయగిరి చెక్క స్పూను మంచిది. తేలిక, తుప్పుపట్టదు, ఎక్కడివాళ్ళు తీసుకున్నా మన జిల్లా పేరు వాళ్ళింటికి పోతుంది.

దాచే చోటు గురించి ఆట నియమాలు స్పష్టంగానే ఉన్నాయి: తవ్వకూడదు, చెట్టుకి మేకు కొట్టకూడదు, స్థలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి ఉండాలి, రెండు పెట్టెల మధ్య 161 మీటర్లు ఉండాలి. ఐదు కిలోమీటర్ల గట్టు మీద ఆ లెక్కన ముప్పైకి పైగా పెట్టొచ్చు. పెట్టకండి. ఆరేడు దాటితే వాటిని చూసుకోవడం ఎవరి వల్లా కాదు. తాటిచెట్టు మట్టల సందు చూడ్డానికి భలే చోటు, కానీ తేళ్ళకీ అదే ఇష్టం. పైగా కల్లు గీసే చెట్టయితే అది ఒకరి బతుకుతెరువు, మోకు పడే చోట ఏమీ ఉండకూడదు. గట్టు మట్టి బొరియల్లో ఎండ్రకాయలు, ఎలుకలు, వాటి కోసం పాములు. పాత లాకు రాతిగోడ బయటి సందు బాగుంటుంది గాని రాయి కదిలే స్థితిలో ఉంటే వదిలేయండి. మా లెక్కన అన్నిటికన్నా మంచివి గట్టు దిగువన ఉన్న తోట కంచె మూల, వంతెన దగ్గర టీ కొట్టు వెనక గూడు, చెట్టు నీడలో ఉన్న సిమెంటు బల్ల అడుగు. ఎవరో ఒకరి కన్ను ఉండే చోట్లు, యజమాని సరేనన్న చోట్లు.

అనుమతి అంటే మనవాళ్ళు పెద్ద కాగితం పని అనుకుంటారు. గట్టు ప్రభుత్వానిది, కాబట్టి నీటిపారుదల శాఖ సెక్షన్ ఆఫీసులో ఒక అర్జీ, పంచాయతీలో దాని నకలు. పట్టపుపాలెం, అంటే సముద్రం మీద వేటకి పోయేవాళ్ళ ఊరు అయితే కాపులతో, అంటే వాళ్ళ కులపెద్దలతో మాట్లాడాలి, అక్కడ వాళ్ళ మాటే నడుస్తుంది. మెరైన్ స్టేషన్‌లో ఫోటోతో సహా చెప్పి రండి. అందరికన్నా ముందు ఆ గట్టు మీద రోజూ తిరిగేవాళ్ళకి చెప్పాలి: కాలువలో చేపలు, పీతలు పట్టుకునే యానాది కుటుంబాలు, గొర్రెల కాపరులు, గీత కార్మికులు. ‘ఏంది సామీ వెతకతా ఉండారు?’ అని అడిగితే దాచకుండా చెప్పండి: ‘ఫోనులో చూసి డబ్బా కనుక్కునే ఆట అన్నా. దొరికితే పేరు రాసి మళ్ళా ఆడనే పెడతాం.’ డబ్బా తెరిచి చూపిస్తే ఇంకా మంచిది. తెలిసినవాళ్ళే ఆ డబ్బాకి కాపలా అవుతారు. ఎవరూ చూడకుండా తీయాలన్నది ఆటలో మర్యాద గాని, మన పల్లెల్లో నక్కి నక్కి తిరిగితే దొంగ అంటారు. వాళ్ళ వలలు, బుట్టల జోలికి పోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రొయ్యల గుంటల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. తెల్లమచ్చ వైరస్ భయంతో బయటివాళ్ళని కట్ట ఎక్కనివ్వరు, అది న్యాయమే. ఒక గుంట కాళ్ళ బురద ఇంకో గుంటకి అంటకూడదు. ఏరేటర్లకి పోయే కరెంటు వైర్లు చాలాచోట్ల కట్ట అంచున నేలమీదే పడి ఉంటాయి, గడ్డిలో కనిపించవు. అక్కడ పెట్టె పెట్టడం గాని, అడ్డదారి అని గుంటల మధ్య నుంచి పోవడం గాని వద్దు. కృష్ణపట్నం, రామాయపట్నం ఓడరేవుల చుట్టుపక్కలా, థర్మల్ స్టేషన్ల దగ్గరా, శ్రీహరికోట వైపూ ఫోను పట్టుకుని కోఆర్డినేట్లు కొలిచే పనే పెట్టుకోకండి.

కాలం విషయానికొస్తే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. గట్టు మీద తాటిచెట్లున్నా నీడ ఉన్నట్టు కాదు. మార్చి దాటితే పొద్దున తొమ్మిదికల్లా వంతెన చేరిపోవాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, కాలువ నీళ్ళు ఉప్పువి కాబట్టి మధ్యలో దొరకవు. చెప్పులు పనికిరావు, సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు అడుగును చీల్చుకుని పైకొస్తుంది. మందపాటి అడుగున్న బూట్లు, చేతిలో కర్ర. సందులో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టాలి, రక్తపింజరి కదలకుండా పడుకుని ఉంటుంది. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం చేయకుండా కాలు కదలనివ్వకుండా 108కి ఫోను చేయాలి. అందుకే ఒంటరిగా పోకూడదు.

పేజీలో కఠినత అంకెలు నిజాయితీగా ఇవ్వండి. 1 నుంచి 5 దాకా అర చొప్పున రెండు అంకెలుంటాయి, ఒకటి వెతకడానికి, ఒకటి నేలకి. నేల 1 అంటే చక్రాల కుర్చీ మీద వచ్చినా చేరగలగాలి. గట్టు దారి ఎండిన రోజుల్లో 2, వాన పడితే బంకమన్ను బూటుకి అతుక్కుని 3 అవుతుంది. కాలువ అవతల పడవ మీదే పోవాలంటే అది 5.

పెట్టె రకాల్లో ఈ దారికి బాగా కుదిరేది మల్టీ. నడకలో రెండు మూడు చోట్ల అంకెలు కనుక్కుని, వాటితో లెక్క కట్టి, చివరి డబ్బా దగ్గరికి చేరడం. మధ్య మజిలీల్లో డబ్బా ఉండదు, చూసి రాసుకోవడమే. కాబట్టి 161 మీటర్ల నియమం వాటికి వర్తించదు, ఎవరికీ అనుమానం రాదు, చూసుకోవలసింది చివరి డబ్బా ఒక్కటే. వంతెన స్తంభాల సంఖ్య, లాకు గోడ మెట్లు, రాతి మీద చెక్కిన అంకెలుంటే అవి తీసుకోండి. రంగుతో రాసిన అంకెలు తీసుకోవద్దు, మళ్ళీ రంగు వేసినరోజు మీ లెక్క తప్పుతుంది. ఉదయగిరికి కూడా ఇదే దారి: కోట మీద చూసి లెక్కపెట్టడం మాత్రమే, డబ్బా కింద ఊళ్ళో ఒప్పుకున్న కొట్టు దగ్గర. అసలు డబ్బాయే వద్దంటే ఎర్త్‌కాష్ ఉంది. నేల గురించి ఒక పాఠం రాసి, అక్కడికి వచ్చి చూస్తేనే జవాబు తెలిసే ప్రశ్నలు పెట్టాలి. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుకతిన్నె అడ్డుపడి ముఖద్వారం మూసుకుపోవడం, వరదకి తెగడం మన తీరంలో కళ్ళ ముందు జరిగేదే, మంచి పాఠం అవుతుంది.

పేజీ పంపాక రివ్యూయర్, ఆయనా స్వచ్ఛందంగా చేసే ఆటగాడే, వారం లోపు చూస్తారు. ఎవరు అనుమతిచ్చారో రివ్యూయర్ నోట్‌లో ముందే రాస్తే తిప్పి పంపరు. సంక్రాంతికి ఊరొచ్చి పెట్టె పెట్టి హైదరాబాదు వెళ్ళిపోతామంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. దగ్గర్లో ఉండే మనిషి, ఆ మనిషికి ఖాతా, వెళ్ళి చూస్తానన్న మాట ఉండాలి. వెతికినవాళ్ళు దొరకలేదని వరసగా ఇద్దరు రాస్తే వెంటనే వెళ్ళి చూడండి. పేజీని తాత్కాలికంగా ఆపి దాదాపు నాలుగు వారాలు ఏమీ చేయకపోతే రివ్యూయర్ దాన్ని శాశ్వతంగా మూసేస్తారు. వెతికేవాళ్ళకి కూడా ఒక మాట: దొరకకపోతే డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్) అని రాయడానికి నామోషీ పడొద్దు. ఓనర్‌కి డబ్బా పోయిందని తెలిసే దారి అదొక్కటే.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వాయుగుండం వార్త వచ్చిన రోజే పేజీని డిసేబుల్ చేసి డబ్బా ఇంటికి తెచ్చేయాలి. తుఫాను నీటికి గట్టు మీద వదిలిన ప్లాస్టిక్ రొయ్యల గుంటలోకో, వలలోకో పోతుంది, దాని మీద మీ ఫోను నంబరు ఉంటుంది. నీళ్ళు తీశాక గట్టు అదే చోట ఉందో లేదో ముందు నడిచి చూడండి, కోఆర్డినేట్లు కొత్తగా కొలవండి, రబ్బరు రింగు మార్చండి, టీ కొట్టాయనకి మళ్ళీ ఒకసారి చెప్పి, అప్పుడు పేజీ తెరవండి.